వేటకు హద్దు గీసిన వంటిల్లు

వేదిక మీద ఉన్న పెద్దలకు, అధ్యాపకులకు, జంతుశాస్త్రం చదువుతున్న పిల్లలందరికీ నమస్కారం. నవంబర్ 21 ప్రపంచ మత్స్యకార దినోత్సవం కదా, చెరువుల గురించి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. నేను చేపల మీద పరిశోధన చేసినదాన్ని కాదు. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన టీచర్ని. కానీ చేపలు పట్టే ఇంట్లో పుట్టాను. అందుకే ఆ ఇంటి సంగతే చెప్తాను.

మాది వరంగల్ జిల్లాలో పాకాల దిక్కు ఊరు. పాకాల చెరువు మీకందరికీ తెలుసు, కాకతీయుల కాలంలో, 13వ శతాబ్దంలో కట్టింది. మా ఊరి చెరువు దాని ముందు ఎంత, చిన్న కుంట లెక్క. అయినా వానలు బాగా పడి, చెరువు నిండి మత్తడి దుంకిందంటే ఆ రాత్రి ఊళ్లో ఎవరూ నిద్రపోయేవాళ్లు కాదు. కొత్తనీటి వాసనకు వాగులోంచి చేప ఎదురెక్కేది. మా తాత విసురు వల భుజాన వేసుకుని పోతే, వెనక నాయిన లాంతరు పట్టుకుని, ఆ వెనక నేను బుట్ట పట్టుకుని పోయేవాళ్లం.

వేట గురించి ఎవరు చెప్పినా ఇక్కడే మొదలుపెడతారు. వల, నీళ్లు, చీకటి, మగవాళ్ల ధైర్యం. నేను మాత్రం వంటింట్లోంచి చెప్తాను. ఎందుకంటే మా ఇంట్లో ఏది పట్టాలో, ఎంత పట్టాలో, ఎప్పుడు ఆపాలో చెప్పింది మా నాయినమ్మ. ఆమె ఒక్కనాడు కూడా వల విసరలేదు.

నాకు ఏడెనిమిదేళ్లప్పటి మాట. ఒకరోజు పొద్దున తాత మోచేతి పొడుగు కొర్రమీను తెచ్చాడు. ఇంట్లో అందరం సంబరపడ్డాం. నాయినమ్మ దాన్ని చూసి, "ఎక్కడ దొరికింది?" అని అడిగింది. తాత మాట దాటేశాడు. ఆమెకు అర్థమైపోయింది. "ఎర్రపిల్లల కింద ఉన్నదాన్ని తెచ్చినవ్ కదా. పిల్లల తల్లిని పట్టనీకి నీకు చేతులెట్ల వచ్చినయయ్యా?" అంది. ఆ రోజు పొయ్యి మీద ఆ చేప ఎక్కలేదు. పక్కింటివాళ్లకు ఇచ్చేసి మాకు పచ్చిపులుసు చేసింది. తాత మాట్లాడకుండా పచ్చిపులుసుతో తిని లేచాడు.

మీరు జంతుశాస్త్రం వాళ్లు, మీకు పుస్తకంలో ఉండే ఉంటుంది. కొర్రమీను గుడ్లు పెట్టి వదిలేసే రకం కాదు. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు ఎర్రగా, నారింజ రంగులో గుంపు కట్టి నీటి పైకి వస్తుంటాయి. దూరం నుంచి చూస్తే నీళ్లలో కుంకుమ చల్లినట్టు ఉంటుంది. ఆ గుంపు కిందే పెద్ద చేప కావలి కాస్తుంది. చాలాసార్లు ఆ కావలి కాసేది తండ్రి చేపే. గాలానికి చిన్న కప్పను గుచ్చి ఆ గుంపులో ఆడించారంటే, పిల్లల మీదికి ఏదో వచ్చిందని అది వచ్చి కొరుకుతుంది. ఆకలితో కాదు, కోపంతో కొరుకుతుంది. దాన్ని పట్టడం చాలా తేలిక. పట్టాక మాత్రం ఆ వందల పిల్లలు ఒక్క పూటలో మిగతా చేపల పాలవుతాయి. నాయినమ్మకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. మన తెలంగాణ రాష్ట్ర చేప అని ఇప్పుడు చెప్పుకుంటున్నామే, ఆ కొర్రమీనుకు ఆమె వంటింట్లో చట్టం చేసి పెట్టింది.

అలాగని ఆమె జాలితో ముట్టకుండా కూర్చునే మనిషి అనుకోవద్దు. మత్తడి కాడ దొరికిన చేపల్లో జన, అంటే చేపగుడ్లు, ఉంటే ఎంతో ఇష్టంగా తీసి, ఉప్పూ కారం పట్టించి పెనం మీద వేయించి మా పిల్లలకు పెట్టేది. కానీ ఎదురెక్కే చేపను ఒక్క రాత్రే పట్టనిచ్చేది. రెండో రాత్రి తాత వల తీస్తే, "ఇంక తెచ్చినవంటే నువ్వే తోముకో" అనేది. చేప తోమడమంటే ఏమిటో తెలిసిన ఇంట్లో ఆ మాట చాలు.

అదేమిటో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇప్పుడు ఆ పని ఇళ్లలో కనబడటం లేదు. కొర్రమీను బతికే ఇంటికి వస్తుంది. పైకి వచ్చి గాలి పీల్చుకునే చేప కాబట్టి తడి గోనెసంచిలో చాలాసేపు ఉంటుంది. ఒళ్లంతా జిగురు, చేతిలో ఆగదు. పొయ్యిలో బూడిద గుప్పెడు తీసి ఒంటికి పట్టిస్తేనే పట్టు దొరుకుతుంది. గరుకు బండ మీద తలవైపు నుంచి తోకవైపు కాదు, తోకవైపు నుంచి తలవైపు రుద్దాలి, అప్పుడే పొలుసు లేస్తుంది. తర్వాత కత్తిపీట మీద పొట్ట చీల్చేటప్పుడు అసలు సంగతి ఉంది. లోపల కాలేయానికి అంటుకుని ఆకుపచ్చగా చిన్న సంచి, చేదుకట్టు అంటాం. అది చితికిందా, ఎంత చింతపండు పోసినా కూర చేదే. నాయినమ్మ కళ్లతో చూడకుండానే, చూపుడువేలుతో తడుముకుంటూ దాన్ని తీసేది. నాకు ఆ పని రావడానికి రెండేళ్లు పట్టింది. మొదటిసారి పగలగొట్టినప్పుడు ఆమె తిట్టలేదు. చేదైన ముక్కను నా నాలుక మీద పెట్టింది. అప్పటి నుంచి నా వేలికి ఆ చోటు తెలుసు.

ఇక పులుసు. మట్టి దాకలో నూనె, ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, మెంతులు చిటపటలాడాక చింతపులుసు పోసి, కారం, ధనియాల పొడి వేసి బాగా మరగనివ్వాలి. ముక్కలు పడ్డాక గరిటె పెట్టకూడదు. రెండు చేతులతో బట్ట పట్టుకుని దాకనే తిప్పాలి. పొద్దున వండితే రాత్రికి, రాత్రి వండితే పొద్దుటికి రుచి. మర్నాడు జొన్నరొట్టె ముంచుకుని తింటే ఆ పులుసు మరో రకం కూర అనిపిస్తుంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. అంత హద్దులు గీసిన మనిషి కంచంలోకి ఏం పడేది? తలకాయ తాతకు, నడిమి ముక్కలు నాయినకు, బాబాయిలకు, జన మా పిల్లలకు. అమ్మకూ నాయినమ్మకూ తోక ముక్క, దాక అడుగు పులుసు. చిన్నప్పుడు తోక ముక్కంటే నాయినమ్మకు ఇష్టమేమో అనుకునేదాన్ని. పెద్దయ్యాక తెలిసింది, తోకలో ముళ్లు ఎక్కువ, కండ తక్కువ. ఇందులో గొప్పగా చెప్పుకోవలసింది ఏమీ లేదు. పాత రోజులు మంచివని చెప్పడానికి నేను ఇక్కడికి రాలేదు.

చేపల సంగతి సరే, అడవి వేట ఉండేదా అని అడుగుతారు. ఉండేది. చెలకల గట్ల వెంబడి చెవులపిల్లి, అదే కుందేలు, కోసం పొద్దుగూకే వేళ వలలు కట్టేవాళ్లు. నలుగురు అవతల పొదలు అదిలిస్తే అది పరుగెత్తుకొచ్చి వలలో పడేది. దొరికినరోజు మా వాకిట్లో మోదుగాకులు పరిచి పోగులు పెట్టేవాళ్లు. వేటకు పోయిన ఒక్కో మనిషికి ఒక పోగు, వలకు ఒక పోగు. మగదిక్కు లేని ఇల్లు ఒకటి ఉండేది మా వాడలో, ఆ ఇంటికీ ఒక పోగు. ఏ పోగు ఎవరికనేది పెద్దవాళ్లు తేల్చేవాళ్లు కాదు. నన్ను గోడవైపు తిప్పి నిలబెట్టేవాళ్లు. తాత ఒక పోగు మీద వేలు పెట్టి, "ఇది ఎవరిదే?" అనేవాడు. నేను చూడకుండా ఒక ఇంటి పేరు చెప్పేదాన్ని. నేను ఎవరి పేరు చెప్తే వాళ్లదే. ఎముక పడ్డా, కండ పడ్డా నోరెత్తడానికి లేదు. అంతమంది పెద్దవాళ్లు ఒక చిన్నపిల్ల మాటకు తలొగ్గి ఆకు మడిచి తీసుకుపోవడం నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంటుంది. బడిలో పిల్లల మధ్య తగవు వచ్చినప్పుడల్లా ఆ గోడ గుర్తొచ్చేది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ మాట మా ఊరికి చేరి, దాన్ని నిజంగా పట్టించుకునేసరికి నేను పదో తరగతి. అప్పటికే చెలకలన్నీ పొలాలై పొదలు తగ్గాయి, చెవులపిల్లులూ తగ్గాయి. నాయినమ్మ ఆ వల తీసి పెరట్లో చిక్కుడు పందిరికి కట్టేసింది. తాత రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడో రోజు ఆయనే పోయి తీగను వలకు ఎక్కించాడు. ఆ వేట ఆగిపోవడమే న్యాయమని నా గట్టి నమ్మకం. ఇప్పుడు మన పల్లెల్లో అడవిపందుల కోసమని పొలాల చుట్టూ కరెంటు తీగలు పెడుతున్నారు. వాటికి తగిలి పందులే కాదు, నీళ్లు పెట్టడానికి పోయిన రైతులు కూడా చనిపోతున్నారు. దాన్ని వేట అనడానికి నాకు నోరు రాదు. చెరువుల్లో మందు కలిపి, తూటాలు పేల్చి చేపలు చంపడమూ అంతే. 1897 నాటి మత్స్య చట్టమే దాన్ని నేరమంది.

మా ఇంట్లో హద్దు ఎందుకు నిలబడింది అని నేను చాలా ఆలోచించాను. నాయినమ్మ మంచితనం ఒక్కటే కారణం కాదు. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. తెచ్చినదాన్ని ఆ పూట తినాలి, లేదా పంచాలి, లేదా ఎండబెట్టాలి. ఎండబెట్టడం మళ్లీ ఆడవాళ్ల పనే. చిన్న పరక చేపలకు ఉప్పు రాసి, ఈతచాప మీద పరిచి, కాకులకూ పిల్లికీ కావలిగా ఒక పిల్లను కర్రతో కూర్చోబెట్టాలి. మబ్బు పడితే చాప ఎత్తాలి. ఎండు చేపలతో వంకాయ కూర ఎండాకాలానికి ఎంత ఆసరానో, ఆ నాలుగు రోజులు ఇంట్లో అంత చాకిరీ. కాబట్టి ఎంత పట్టాలన్న లెక్క చెరువు గట్టున తేలేది కాదు, తోమే చేతుల దగ్గర తేలేది. ఫ్రిజ్ వచ్చాక ఆ లెక్క పోయింది. ఎంత పట్టినా పెట్టుకునే చోటుంది.

చెరువు కూడా మారింది. 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది. బొచ్చె, రవ్వ, మోసు మంచి చేపలే, సంఘాలకు ఆదాయం వస్తోంది, సంతోషం. కానీ ఇవి పారే నీటిలో గుడ్లు పెట్టే రకాలు, నిలవ నీటి చెరువులో పిల్లలు చేయవు. ఏటా తెచ్చి వదలాల్సిందే. తమంతట తాము పెరిగే పరకలు, జెల్లలు, బొమ్మిడాయిలను మాత్రం ఎవరూ లెక్కలో వేయడం లేదు. కాల్వల్లో ఆడవాళ్లు, పిల్లలు బుట్టలతో పట్టుకునేవి అవే. ముల్లుతో సహా నమిలి తినే ఆ చిన్న చేపల్లో కాల్షియం ఎంతో మీకు నాకంటే బాగా తెలుసు. మీరు ప్రాజెక్టు వర్కు చేస్తారు కదా, మీ ఊరి చెరువులో ఇంకా ఏయే నాటు చేపలు మిగిలాయో రాయండి. ముందు వలల వాళ్లను కాదు, అంగట్లో గంప ముందు కూర్చున్న అమ్మలను అడగండి. ఏ చేప ఏ కార్తెలో వస్తుందో, ఏది ఎప్పటి నుంచి రావడం లేదో వాళ్లు చెప్తారు.

పోయిన నెల నా మనవరాలు ఊరికి వచ్చింది. అంగడి నుంచి చేపలు ముక్కలు కొట్టించి తెచ్చాను. అది ఒక ముక్క తీసి చూసి, "అమ్మమ్మా, దీని తల ఎటువైపు ఉండేది?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ముక్క చూపించి జవాబు చెప్పలేకపోయాను.

అందుకే ఇవాళ ఒట్టి మాటలతో రాలేదు. బయట వేపచెట్టు కింద టబ్బులో నాలుగు కొర్రమీన్లు ఉన్నాయి. చెరువు సంఘం వాళ్లను అడిగి తెచ్చాను, పిల్లలతో ఉన్నవి కావు. మా ఇంటి కత్తిపీట, డబ్బాలో బూడిద కూడా ఉన్నాయి. అబ్బాయిలు ముందు రండి. చొక్కా చేతులు పైకి మడుచుకోండి. చేదుకట్టు ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తాను.