చర్చిలో పీఠం, పొలంలో విగ్రహం

సభాధ్యక్షులకు, చరిత్ర విభాగం అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. తొలినాటి గ్రీకు శాసనాల లిపుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. లిపి సంగతి చెబుతాను గాని, నా మనసులో ఉన్నది శాసనం దొరికిన చోటు గురించిన మాట.

క్రీ.పూ. 7, 6 శతాబ్దాల్లో గ్రీకు నగరాలు ఒక్కొక్కటి తన సొంత అక్షరమాలతో రాసుకునేది. పంక్తి ఒక వైపు సాగి, చివర మళ్లి ఎదురు దిశలో తిరిగి వచ్చే పద్ధతిని బూస్ట్రోఫెడాన్ అంటారు. దున్నే ఎద్దు చాలు చివర మళ్లినట్టు అని ఆ మాటకు అర్థం. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుని లఘు శిలాశాసనంలోనూ కొంత భాగం ఇలాగే ఉంది. గ్రీసులోని డీలోస్ ద్వీపంలో 1878లో బయటపడిన పాలరాతి స్త్రీ విగ్రహం పక్క భాగం మీద ఈ పద్ధతిలోనే ‘నన్ను నికాండ్రె అర్పించింది’ అని చెక్కి ఉంది. ఆ ‘నన్ను’ అన్న మాటను గమనించండి. చదివేవారితో మాట్లాడుతున్నది విగ్రహమే.

బోస్టన్ మ్యూజియంలో సుమారు 20 సెంటీమీటర్ల కంచు బొమ్మ ఒకటి ఉంది. దాని తొడల మీద రెండు పద్యపాదాలు ఉన్నాయి: వెండి వింటి దేవుడైన అపోలోకు మాంటిక్లోస్ దశమభాగంగా నన్ను అర్పించాడు, ఫోయిబోస్ (అపోలోకు మరో పేరు), నీవూ మనసుకు నచ్చిన ప్రతిఫలం ఇయ్యి అని. అక్షరాలన్నీ చదవగలం. అయితే అది గ్రీసులోని థీబ్స్‌లో దొరికిందని చెప్పుకోవడమే గాని, ఏ గుడి ఆవరణలో, ఏ పొరలో, ఏ వస్తువుల పక్కన ఉండేదో తెలిపే తవ్వకపు నమోదు లేదు. పోయిన ఆ సమాచారాన్ని ఎంత పాండిత్యమూ తిరిగి తేలేదు.

ఒలింపియా శిరస్త్రాణాల గురించి రాసుకొచ్చిన పుటలను పక్కన పెడుతున్నాను, ఎందుకంటే ఫ్రాసిక్లేయా కథ చెప్పకుండా ఈ వేదిక దిగలేను. ఏథెన్స్ దగ్గరి మెరెండాలో, ఒక చర్చి కట్టడంలో చేరిపోయిన విగ్రహపు పీఠాన్ని 1730 ప్రాంతంలో ఫ్రెంచి యాత్రికుడు ఫూర్మోన్ చూసి, దాని అక్షరాలను నకలు రాసుకున్నాడు. ‘ఇది ఫ్రాసిక్లేయా సమాధి గుర్తు. ఎప్పటికీ నన్ను కన్య అనే పిలుస్తారు. పెళ్లికి బదులుగా దేవతలు నాకు ఈ పేరు ఇచ్చారు’ అని దాని భావం. ‘సేమా’ (గుర్తు) అన్న మొదటి మాటలో దీర్ఘమైన ఏకారానికి కూడా హ్రస్వానికి వాడే అక్షరాన్నే చెక్కారు, ఎందుకంటే నాటి ఏథెన్స్ లిపిలో ఆ రెంటికీ వేరు గుర్తులు లేవు. రెండు శతాబ్దాలకు పైగా పండితులు ఆ పద్యం చదివారు, కాని అమ్మాయి ముఖం ఎవరూ చూడలేదు.

1972లో ఆ చర్చికి కొద్ది దూరంలో పురావస్తు శాస్త్రవేత్త మాస్ట్రోకోస్టాస్ తవ్వించిన గుంటలో, ఒక యువకుడి విగ్రహం పక్కన, తలపై తామరల కిరీటంతో, చేతిలో తామర మొగ్గతో ఒక కన్య విగ్రహం పడుకుని ఉంది. విగ్రహాన్ని బిగించడానికి పోసిన సీసం చర్చిలో కనిపించిన ఆ పీఠంతో సరిపోయింది. పీఠం రెండు శతాబ్దాలకు పైగా తన ఊళ్లోనే ఉండిపోవడం, విగ్రహం తవ్వకంలోనే బయటపడడం వల్లనే కదా ఈ రెండూ కలిశాయి!

మా ఊరి పక్కన ఒక గుడిలో, చిన్ననాడు నేను వేలితో తడిమి చూసిన శాసనపు రాతిని జీర్ణోద్ధరణ పేరుతో గచ్చు వేసి కప్పేశారు. అప్పటికి ఎవరూ దాని నకలు తీయలేదు. అందుకే విద్యార్థులారా, మిమ్మల్ని వేడుకుంటున్నాను: మీ ఊళ్లో గడపలో, బావి గట్టున అక్షరాలున్న రాయి కనబడితే దాన్ని కదిలించనివ్వకండి, సున్నం కొట్టనివ్వకండి. ముందు చోటు రాసుకోండి, ఫొటో తీయండి, పురావస్తు శాఖకు తెలియజేయండి.

ఫ్రాసిక్లేయా పీఠం ఎడమ పక్కన శిల్పి పేరు కూడా ఉంది: పారోస్ ద్వీపం వాడైన అరిస్టియోన్ నన్ను చేశాడని. ఏథెన్స్ జాతీయ మ్యూజియంలో ఫ్రాసిక్లేయా నేడు ఆ పీఠం మీదే నిలబడి ఉంది.