ఊపిరి బిగబట్టినా పేగులు ఆగవు: సీటీ స్కాన్‌లో ఆ చారలు ఎందుకొస్తాయి?

అందరికీ నమస్తే. కడుపు సీటీ రిపోర్టులో 'మోషన్ ఆర్టిఫాక్ట్స్' అన్న ముక్క కనబడగానే చాలామంది టెన్షన్ పడతారు, అదేదో జబ్బు పేరనుకుని. జబ్బు కాదండీ. స్కాన్ తీస్తుండగా లోపల ఏదో కదిలింది, అక్కడ బొమ్మ చెడింది, అంతే.

'గాలి పీల్చి బిగబట్టండి' అని టెక్నీషియన్ చెబితే ఛాతీ కదలిక ఆగుతుంది. పేగులు ఆగవు. జీర్ణాశయం నిమిషానికి సుమారు 3 సార్లు, చిన్నపేగు మొదటి భాగం 12 సార్ల దాకా ముడుచుకుంటాయి. పరగడుపున వచ్చినా ఇది పూర్తిగా ఆగదు. ఖాళీ కడుపులో కూడా గంటన్నర, రెండు గంటలకోసారి పేగుల్లో బలమైన కదలిక వస్తూనే ఉంటుంది.

కదిలితే చారలెందుకు పడతాయి? ఎక్స్‌రే ట్యూబు మన చుట్టూ తిరుగుతూ వందల కోణాల నుంచి కొలతలు తీసుకుంటుంది. ఆ కాసేపూ లోపలున్నదంతా కదలకుండా ఉందన్న లెక్కతోనే కంప్యూటర్ బొమ్మ కడుతుంది. ఈలోగా ఓ గ్యాస్ బుడగ జరిగిందనుకోండి, ముందు కొలతకీ తర్వాతి కొలతకీ పొత్తు కుదరదు. ఏ పదార్థం ఎక్స్‌రేను ఎంత ఆపుతుందో అంకెల్లో చెప్పే హౌన్స్‌ఫీల్డ్ కొలమానంలో గాలి విలువ మైనస్ 1000, నీరు 0. తేడా అంత ఎక్కువ కాబట్టే గ్యాసూ ద్రవమూ కలిసే చోట చారలు ఎక్కువ. జీర్ణాశయం పక్కనే ఉండే కాలేయపు ఎడమ భాగం మీద ఇవి తరచుగా పడతాయి.

నాకు అసలు భయం ఇక్కడే. చార కింద చిన్న గడ్డ దాగిపోవచ్చు. పేగు గోడ రెండు గీతలుగా పడి, వాచినట్టు కనిపించవచ్చు. గోడ బయట గాలి ఉన్నట్టు తోచి, పేగుకు చిల్లు పడిందేమో అన్న అనుమానం రావచ్చు. అందుకే కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లకు నేను పదే పదే చెప్పేదొకటే: ఒక్క స్లైస్ (ఒక అడ్డకోత బొమ్మ) చూసి తేల్చేయకండి. పైదీ కిందదీ చూడండి, నిలువు కోతలో చూడండి. రెండో ఫేజ్ (అదే చోటును కాసేపాగి మళ్లీ తీసిన స్కాన్) ఉంటే దాంతో పోల్చండి. నిజమైన గడ్డ రెండింటిలోనూ ఉన్నచోటే ఉంటుంది, చార మాత్రం మారిపోతుంది లేదా మాయమవుతుంది. అప్పటికీ తేలకపోతే ఆ కాస్త భాగమే మళ్లీ తీయొచ్చు. మొత్తం పొట్టకు రెండోసారి రేడియేషన్ ఇవ్వడం అనవసరం.

ఇక తగ్గించే దారులు. అన్నిటికంటే మేలైనది వేగం. 1971లో లండన్‌లో మొదటి రోగికి తల స్కాన్ చేసినప్పుడు ఒక్కో కోతకు నిమిషాలు పట్టింది. ఇప్పటి యంత్రాల్లో ట్యూబు అర సెకనులో, కొన్నింటిలో పావు సెకనుకు కాస్త అటూ ఇటూగా ఒక చుట్టు తిరుగుతుంది. స్కాన్ మొత్తం ఎన్ని సెకన్లలో అయిందన్నది ఊపిరి బిగబట్టడానికి ముఖ్యం. పేగు చారలకు మాత్రం ఒక్క చుట్టుకు పట్టే సమయమే ముఖ్యం. టేబుల్‌ను వేగంగా జరిపినంత మాత్రాన సరిపోదు. చుట్టు వేగం పెంచితే అందే ఎక్స్‌రే తగ్గుతుంది కాబట్టి, లావుపాటి మనుషులకు ట్యూబు కరెంటు పెంచాలి, లేదంటే బొమ్మంతా గరుకు తేలుతుంది.

పేగుల్ని కాసేపు నెమ్మదింపజేసే ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి. కడుపునొప్పికి వాడే బస్కోపాన్ మందే 20 మిల్లీగ్రాములు నరంలోకి ఇస్తారు. అమెరికాలో దాని బదులు గ్లూకగాన్ అనే హార్మోన్ మందు వాడతారు. పెద్దపేగు ప్రత్యేక స్కాన్లలో ఇవి బాగా ఉపయోగపడతాయి. మామూలు కడుపు స్కాన్‌కు అందరికీ ఇవ్వక్కర్లేదన్నది నా అభిప్రాయం. బస్కోపాన్ ఇచ్చే ముందు గ్లాకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు), గుండె జబ్బు, ప్రోస్టేట్ వల్ల మూత్రం ఆగిపోవడం, మయస్థీనియా (కండరాలు నీరసపడే జబ్బు) ఉన్నాయేమో తప్పక అడగాలి. గ్లూకగాన్ అయితే షుగర్ పెరుగుతుంది, ఫియోక్రోమోసైటోమా (అడ్రినల్ గ్రంథిలో వచ్చే ఒక రకం గడ్డ) ఉన్నవాళ్లకు అసలు ఇవ్వకూడదు. బస్కోపాన్ తర్వాత కాసేపు చూపు మసకబారవచ్చు. అది తేటపడేదాకా బండి నడపకండి, వీలైతే ఇంట్లో ఒకరిని వెంట తెచ్చుకోండి.