వారింగ్టన్ వీధిలో పేలుడు, లిమెరిక్‌లో పాట: ‘జాంబీ’ వెనుక కథ

సభకు నమస్కారం.

ఐర్లండ్‌లోని లిమెరిక్ నగరానికి చెందిన ‘ది క్రాన్‌బెరీస్’ బృందం 1994 సెప్టెంబరులో విడుదల చేసిన ‘జాంబీ’ పాటను మీలో చాలామంది వినే ఉంటారు. ఆ హోరెత్తే గిటార్లను, గాయని గొంతులోని జీరను ఇట్టే గుర్తుపట్టేవారిలో కూడా అది ఇద్దరు పిల్లల చావు మీద కట్టిన పాట అని ఎరిగినవారు తక్కువ. ఆ చావుల గురించీ, వాటిని విని ఊరుకోలేకపోయిన ఇరవయ్యొక్కేళ్ల యువతి గురించీ ఈ సాయంత్రం మాట్లాడతాను.

1993 మార్చి 20, శనివారం. మరునాడు బ్రిటన్‌లో మాతృదినోత్సవం. ఇంగ్లండ్ వాయవ్య ప్రాంతంలోని వారింగ్టన్ పట్టణంలో బ్రిడ్జ్ స్ట్రీట్ అనే అంగళ్ల వీధి జనంతో కిటకిటలాడుతోంది. ఆ వీధిలోని ఇనుప చెత్తడబ్బాల్లో ఉత్తర ఐర్లండ్‌ను బ్రిటన్ నుంచి విడదీసి ఐర్లండ్‌లో కలపాలని పోరాడుతున్న సాయుధ సంస్థ ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ, అంటే ఐఆర్ఏ, పెట్టిన రెండు బాంబులు మిట్టమధ్యాహ్నం దాటాక ఒకదాని వెంట ఒకటి పేలాయి. మొదటి పేలుడుకు బెదిరి పరుగెత్తినవారిలో కొందరు నేరుగా రెండో దాని దగ్గరికే చేరారు. మూడేళ్ల పసివాడు అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. తల్లికి ఇవ్వడానికి ఒక కార్డు కొనిపిద్దామని, వాణ్ణి కనిపెట్టుకుని ఉండే అమ్మాయి బజారుకు తీసుకొచ్చింది. పన్నెండేళ్ల మరో బాలుడు ఐదు రోజులు మృత్యువుతో పోరాడి ఆసుపత్రిలో కన్నుమూశాడు. యాభై మందికి పైగా గాయపడ్డారు.

అక్కడి ప్రొటెస్టెంట్లలో ఎక్కువమంది కోరినట్టు ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌లోనే ఉండాలా, కాథలిక్కులలో ఎక్కువమంది కోరినట్టు ఐర్లండ్‌లో కలవాలా అన్న వివాదం 1960ల చివరి నుంచి నెత్తుటి పోరుగా మారి, 1998 శాంతి ఒప్పందం నాటికి 3,500 మందికి పైగా ప్రాణాలను బలిగొంది. అన్ని మరణాల మధ్య వారింగ్టన్ పిల్లల మరణం ఐర్లండ్ ప్రజలను ప్రత్యేకంగా కలచివేసింది. డబ్లిన్ వీధుల్లో వేలమంది శాంతి కోరుతూ గుమిగూడారు.

ఆ రోజుల్లో క్రాన్‌బెరీస్ బృందం ఇంగ్లండ్‌లో కచేరీలు చేస్తూ తిరుగుతోంది. గాయని డొలోరెస్ ఓ రియోర్డన్ లిమెరిక్ జిల్లాలోని బాలిబ్రికెన్ అనే పల్లెలో, పెద్ద కాథలిక్ కుటుంబంలో పుట్టి, చర్చిలో పాడుతూ పెరిగిన మనిషి. ఐఆర్ఏ ఎవరి పేరు చెప్పి బాంబులు పెడుతోందో ఆ ఐరిష్ జనంలో ఆమె కూడా ఒకరు. పాట మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. బాంబు పెట్టినవాడు పరాయివాడైతే కోపం తెచ్చుకోవడం ఎవరికైనా సులువే. తనవాడినని చెప్పుకునేవాడి ముఖం మీదే, ఆ పని చేసింది నేను కాదు, నా ఇంటివాళ్లు కాదు, నా పేరు వాడుకోవద్దు అని చెప్పడానికి గుండె నిబ్బరం కావాలి. ఆమె ఆ మాటను పాటలోనే, దాపరికం లేకుండా అనేసింది. 1916 నుంచీ ఇదే తంతు అని కూడా అంది. ఆ సంవత్సరం డబ్లిన్‌లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటు ఐర్లండ్ స్వాతంత్ర్య చరిత్రలో పూజనీయ ఘట్టం. దాన్ని ఈ రక్తపాతంతో ఒకే వరుసలో నిలబెట్టడం చాలామందిని నొప్పించింది.

సాధారణంగా గిటారిస్టు నోయెల్ హోగన్ బాణీ కడితే డొలోరెస్ మాటలు రాసేది. ఈ పాటకు మాత్రం మాటలూ బాణీ రెండూ ఆమెవే. లిమెరిక్‌కు తిరిగి వచ్చాక మామూలు అకూస్టిక్ గిటార్ మీద కట్టింది. అంతకుముందు ‘డ్రీమ్స్’, ‘లింగర్’ వంటి మెత్తని ప్రేమగీతాలతో పేరు తెచ్చుకున్న బృందం ఇక్కడ గిటార్లను డిస్టార్షన్‌తో గర్జింపజేసింది, డ్రమ్స్ దెబ్బ పెంచింది. చరణంలో గొంతు దాదాపు జోలపాటలా తగ్గి, తల్లి గుండెకోతను ఒక మాటలో చెప్పి ఆగుతుంది. పల్లవికి వచ్చేసరికి ‘జాంబీ’ అన్న ఆ ఒక్క మాటనే సాగదీసి, విరిచి, మళ్లీ మళ్లీ పలుకుతూ ఏడుపుకూ అరుపుకూ మధ్య ఎక్కడో నిలుస్తుంది. ఇంగ్లిషు రానివారికి కూడా ఇది దుఃఖమని తెలిసిపోవడానికి కారణం ఆ గొంతు విరుపే.

దృశ్యరూపం తీసిన శామ్యూల్ బేయర్ బెల్‌ఫాస్ట్ వెళ్లి, అక్కడి గోడల మీది బొమ్మలనూ, తుపాకులతో గస్తీ తిరిగే సైనికులనూ, వీధుల్లో ఆడుకునే పిల్లలనూ చిత్రించాడు. ఒళ్లంతా బంగారు రంగు పూసుకున్న డొలోరెస్ ఒక శిలువ ముందు నిలబడి పాడుతుంది. సైనికుల దృశ్యాలు కనబడకుండా కత్తిరించిన ప్రతినే బీబీసీ ప్రసారం చేసింది. పాటను కదిలించిన హింసను తెర మీది నుంచి తొలగించి పాటను మాత్రమే వినిపించడం, నా దృష్టిలో, ఆమెకు జరిగిన అన్యాయం.

పాట మీద వచ్చిన విమర్శను దాటవేయడం తగదు. 1972లో డెరీ నగరంలో బ్రిటిష్ సైన్యం నిరాయుధులైన పౌరులను కాల్చి చంపిన సంగతి దీనిలో లేదు. వారింగ్టన్ ఘటన జరిగిన వారంలోనే ఉత్తర ఐర్లండ్‌లోని కాసిల్‌రాక్‌లో బ్రిటిష్ అనుకూల సాయుధులు నలుగురు కాథలిక్ కార్మికులను హతమార్చారు. వారి కోసం ఇంత పెద్ద పాట పుట్టలేదు. ఆ ప్రాంతవాసుల ఈ బాధ న్యాయమైనదే. అయినా ఈ పాట చరిత్ర తీర్పరిగా కూర్చోలేదు. ఒక చావు దగ్గర నిలబడి ఏడ్చింది, ఆ ఏడుపులో కల్తీ లేదు. అలాగే ఐఆర్ఏ కాల్పుల విరమణకు ఈ పాటే కారణమన్న మాట కూడా నిలవదు. ఆ విరమణ ప్రకటన 1994 ఆగస్టు 31న వెలువడింది, పాట ఆ తరువాతే విడుదలైంది.

డొలోరెస్ 2018 జనవరి 15న లండన్‌లో, 46 ఏళ్ల వయసులో మరణించింది. వారింగ్టన్‌లో పన్నెండేళ్ల కొడుకును పోగొట్టుకున్న తండ్రికి, ఈ పాట తన బిడ్డ చావును తలచుకుని రాసినదని తెలిసింది ఆమె మరణవార్త వచ్చాకే. అప్పటికే ఆయన, ఆయన భార్య శాంతి కోసం ఒక సంస్థను నెలకొల్పి రెండు దశాబ్దాలకు పైగా శ్రమిస్తున్నారు. పాట వెతికి విన్న ఆ తండ్రి, దానిలోని మాటల గంభీరతనూ నిజాయితీనీ మెచ్చుకున్నాడు.

2023లో ఫ్రాన్స్‌లో జరిగిన రగ్బీ ప్రపంచకప్‌లో ఐర్లండ్ అభిమానులు ఇదే పాటను స్టేడియాల్లో గొంతెత్తి పాడారు. దానితో పాత వాదం మళ్లీ లేచింది: ఇది సంబరానికి పాడదగిన పాటేనా, ఉత్తరాది కుటుంబాల గాయాలను రేపదా అని. రగ్బీలో ఐర్లండ్ జట్టు ఉత్తర, దక్షిణ భాగాలు రెండింటిదీ కావడం వల్ల ఆ ప్రశ్న మరింత పదునెక్కింది. పాడిన కుర్రవాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు, ఎందుకంటే వారిలో చాలామంది 1998 ఒప్పందం తరువాత పుట్టి, బాంబుల మోత వినకుండా పెరిగినవారు. కాని ఆ పాట పాడే ప్రతి ఒక్కరికీ బ్రిడ్జ్ స్ట్రీట్‌లో ఆ శనివారం ఏం జరిగిందో తెలిసి ఉండాలని మాత్రం గట్టిగా కోరుకుంటాను.