కసిం కుండ నుంచి కలంకారీ చీర దాకా

అందరికీ నమస్కారం. బెజవాడ వాళ్లకు పెడన, బందరు అచ్చుల అద్దకం కొత్త కాదు. అందుకని ఈ పూట చెక్క అచ్చులు పక్కనపెట్టి, శ్రీకాళహస్తి కలంకారీ పద్ధతిలో గుడ్డ మీద కలంతో గీసే లతల గురించే మాట్లాడుకుందాం.

కొత్త గుడ్డలో గంజి, జిడ్డు పోయాయో లేదో ఒక్క నీటిచుక్క చెప్పేస్తుంది. చుక్క పూసలా నిలబడితే ఇంకోసారి ఉతకాల్సిందే. తర్వాత కిలో గుడ్డకు సుమారు 200 గ్రాముల కరక్కాయ పొడి కలిపిన గేదె పాలల్లో నానబెట్టి, పిండి, ఎండబెట్టాలి. పాలల్లోని కొవ్వే గీత పాకకుండా ఆపుతుంది. నీళ్ల పాలు పోస్తే ఆకు అంచు పిల్లి మీసంలా చీలుతుంది. ఇక్కడ పొదుపు పనికిరాదు.

నలుపుకు కసిం అనే ఇనుప నీళ్లు కావాలి. మట్టికుండలో తుప్పు మేకులు, బెల్లం, నీళ్లు వేసి పదిహేను రోజులకు పైగా పులియబెడతారు. చింతపుల్ల బొగ్గుతో గీసుకున్న లత మీద వెదురు కలం నడుస్తుంది. కలానికి చుట్టిన గుడ్డను వేళ్లతో నొక్కినకొద్దీ కసిం దిగుతుంది. గీసిన క్షణాన గీత బూడిదరంగులో ఉంటుంది. గాలి తగిలేకొద్దీ కరక్కాయ వగరు ఇనుముతో కలిసి నల్లబడుతుంది. నల్లగా లేదని రెండోసారి దిద్దారో, ఇనుము ఎక్కువై కొన్నేళ్లకు సరిగ్గా ఆ గీత వెంబడే గుడ్డ చిరుగుతుంది.

ఎరుపు రావాల్సిన పువ్వులో పూసేది రంగు కాదు, పటిక నీళ్లు. ఒక రోజు ఆరనిచ్చి, పారే నీటిలో జాడించాలి. తొట్టిలో జాడిస్తే వదిలిన పటిక గుడ్డలోని తెల్ల భాగం మీదికే చేరి, ఎరుపునిచ్చే మంజిష్ఠ వేరు నీళ్లలో ఉడికించినప్పుడు గుడ్డంతా గులాబీ మరకలు పడతాయి. బోరు నీళ్లలో ఇనుముంటే ఎరుపు గోధుమరంగుకు తిరుగుతుంది.

ప్రకృతి రంగు అని చీటీ అంటిస్తే సరిపోదు. ఇంత నీరు, ఇన్ని కట్టెలు ఖర్చయ్యే పని ఇది. వాడిన మంజిష్ఠ నీళ్లు పారబోయకండి, రెండో గుడ్డకు లేత ఎరుపు ఇస్తాయి.

కొనుక్కునేవాళ్లకు ఒక మాట. ఈ నలుపుకు పులుపు పడదు. గోంగూర పచ్చడి చీర మీద పడితే నిమ్మకాయ రుద్దకండి, ఉన్న నలుపు కూడా పోతుంది. వెంటనే మామూలు నీళ్లతో కడిగి, నీడలో ఆరేయండి.