ఒకే మనిషికి మూడు క్యూలైన్లు ఎందుకు?

యాంకర్: నమస్కారం. ఇవాళ మణిపూర్ గురించి, అక్కడ మత్తు, హెచ్‌ఐవీ, లివర్ జబ్బు మూడూ ఉన్న మనిషి వైద్యానికి మూడుచోట్ల తిరగాల్సిరావడం గురించి మాట్లాడుకుందాం. సూదితో మత్తుమందు ఎక్కించుకునేవాళ్లలో హెచ్‌ఐవీ మన దేశంలో మొదట ఉప్పెనలా వచ్చింది అక్కడే. మనతో ఒక లివర్ డాక్టర్ గారు, వ్యసనాలకు వైద్యం చేసే మానసిక వైద్యురాలు, మణిపూర్ కొండజిల్లా చురాచాంద్‌పూర్‌లో కొన్నేళ్లు పనిచేసి వచ్చిన కౌన్సెలర్ ఉన్నారు. అక్కడ అసలు ఏం జరిగిందండీ?

కౌన్సెలర్: బర్మా వైపు నుంచి సరిహద్దు ఊరు మోరే మీదుగా హెరాయిన్ వస్తుంది. ‘నంబర్ ఫోర్’ అంటారు. తొలిరోజుల్లో సిరంజిలు దొరక్క, డ్రాపర్‌కి సూది తగిలించి ఒకరి తర్వాత ఒకరు వాడుకునేవాళ్లు. 1990లో ఏడాది తిరక్కుండానే, పరీక్ష చేసినవాళ్లలో దాదాపు సగం మందికి హెచ్‌ఐవీ తేలింది. అదే సూదితో లివర్‌ని పాడుచేసే వైరస్ జబ్బు హెపటైటిస్-సి కూడా పాకింది.

యాంకర్: హెపటైటిస్-సికి ఇప్పుడు మందుంది కదా డాక్టర్ గారూ?

లివర్ డాక్టర్: ఉంది, అదీ ఉచితంగా. సోఫోస్బువిర్, డాక్లాటాస్విర్ అనే మాత్రలు రోజూ వేసుకోవాలి, 84 రోజులు. నూటికి 90 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. అమెరికాలో మొదట్లో సోఫోస్బువిర్ ఒక్క మాత్ర 1000 డాలర్లు. దాన్ని చౌకగా తయారుచేసినవాళ్లలో మన హైదరాబాద్ కంపెనీలు హెటిరో, నాట్కో ఉన్నాయి. 2018 జూలై 28న జాతీయ హెపటైటిస్ కార్యక్రమం మొదలయ్యాక పేదవాడికీ అందుబాటులోకి వచ్చింది. కాకపోతే నాకో బెంగ. సూది మానకుండా మందు ఇస్తే మళ్లీ అంటుకోదా?

మానసిక వైద్యురాలు: అంటుకోవచ్చు సార్. అప్పుడు మళ్లీ ఇద్దాం. ‘ముందు మానేసి రా’ అని పంపించినవాడు లివర్ చెడిపోయాకే తిరిగొస్తాడు. ఈలోగా వాడి సూది ఇంకో నలుగురికి అంటిస్తుంది. మా ఓఎస్‌టీ కేంద్రానికి, అంటే హెరాయిన్‌కి బదులు మందు ఇచ్చే చోటికి, రోజూ వచ్చి, మా కళ్లముందే ఆ మందు బుప్రెనార్ఫిన్ నాలుక కింద పెట్టుకుని వెళ్తాడు. రోజూ వచ్చే మనిషికి ఆ కిటికీ దగ్గరే లివర్ మాత్ర, హెచ్‌ఐవీ మాత్ర ఇస్తే 84 రోజులు గడవడం ఎంతసేపు? మనం చేస్తున్నదేమిటి? మత్తుకి ఒక భవనం, హెచ్‌ఐవీకి ఇంకోటి, లివర్‌కి మరోటి. మూడుచోట్లా కార్డు, మూడుచోట్లా ‘ఏం వాడతావ్ నువ్వు’ అన్న చూపు.

లివర్ డాక్టర్: మందుల సంగతి చూసినా మీ మాటే నిజం. పాత హెచ్‌ఐవీ మందు ఎఫావిరెంజ్ వాడేవాళ్లకి డాక్లాటాస్విర్ 60 కాదు, 90 మిల్లీగ్రాములు ఇవ్వాలి. టీబీకిచ్చే రిఫాంపిసిన్ సోఫోస్బువిర్‌నీ, బుప్రెనార్ఫిన్‌నీ రెండింటినీ పలచన చేసేస్తుంది.

మానసిక వైద్యురాలు: బుప్రెనార్ఫిన్ పలచనైతే ఏమవుతుందో తెలుసా అండీ? ఒళ్లునొప్పులు, వణుకు, నిద్ర ఉండదు. ‘టీబీ మందు పడలేదు’ అనుకుని అది ఆపేస్తాడు, లేదా మళ్లీ హెరాయిన్‌కి వెళ్తాడు. ఎవరి చీటీ వాళ్లే రాసుకుంటూ పోతే ఇది పట్టుకునేదెవరు?

యాంకర్: అన్నీ ఒకేచోట పెడితే పనిచేస్తుందన్న రుజువు ఉందా?

మానసిక వైద్యురాలు: మన దేశంలోనే పరీక్షించి చూశారు. 2019లో ఫలితాలొచ్చాయి. ఊరంతటి లెక్కలో ఆశించినంత తేడా కనిపించలేదు. కేంద్రం గడప తొక్కినవాళ్లలో మాత్రం హెచ్‌ఐవీ పరీక్షలు బాగా పెరిగాయి. అంటే కేంద్రం తెరిస్తే సరిపోదు, అక్కడిదాకా రప్పించాలి.

కౌన్సెలర్: రప్పించడమంటే దారి కూడా ఉండాలి కదండీ. 2023 మేలో మెయితీలకీ కొండల్లోని కుకీ-జో తెగలకీ మధ్య జరిగిన గొడవల తర్వాత చురాచాంద్‌పూర్ నుంచి కుకీ-జో మనిషి ఇంఫాల్ పెద్దాసుపత్రికి వెళ్లలేని పరిస్థితి వచ్చింది. గంటన్నర, రెండు గంటల దారి, కానీ ప్రాణభయం. లివర్ డాక్టర్ ఇంఫాల్‌లో, రోగి కొండమీద. అలాంటిచోట మందు ఆ జిల్లాలో, వాళ్ల భాష మాట్లాడే మనిషి చేతుల్లో ఉండి తీరాలి. ఇంకోమాట. నాకు తెలిసిన ఒకావిడ, ఇద్దరు పిల్లల తల్లి, ఓఎస్‌టీకి వచ్చేది కాదు. లైన్‌లో అందరూ మగవాళ్లే. చీకటిపడ్డాక వెనక గుమ్మం తీసి మాత్ర ఇవ్వడం మొదలుపెట్టాం. వారం తిరగ్గానే ఇంకో ముగ్గురిని వెంటబెట్టుకొచ్చింది.