గురువు పక్కన ఏడాదిన్నర

శ్రోతలకు నమస్కారం.

చైనా సంప్రదాయ వైద్యాన్ని గురువు దగ్గర ఉండి నేర్చుకోవడం అనగానే నాకు ముందుగా గుర్తొచ్చేది జూ దాన్‌షీ అనే పాతకాలపు వైద్యుడు. 1281లో ఇప్పటి జెజియాంగ్ ప్రాంతంలోని యీవూలో పుట్టారు. తల్లి జబ్బు పడటంతో ముప్పయ్యో ఏట వైద్య గ్రంథాలు పట్టారు. ఆ రోజుల్లో 297 మందు యోగాల, అంటే ఏయే మూలికలు కలిపి ఇవ్వాలో చెప్పే మందుల, సంకలనం ఒకటి బాగా వాడుకలో ఉండేది. ఫలానా జబ్బుకు ఫలానా మందు, అందులో చూసి ఇవ్వడమే. ఆయనా దాన్ని రాత్రింబగళ్లు చదివారు. కానీ పాతకాలపు యోగం ఇప్పటి రోగికి అచ్చంగా ఎలా సరిపోతుందన్న అనుమానం మాత్రం ఆయన్ను వదల్లేదు. గురువును వెతుక్కుంటూ ఊళ్లు తిరిగారు.

1325 వేసవిలో హాంగ్‌జౌలో ఉన్న లువో జీతీ అనే వృద్ధ వైద్యుడి గురించి విన్నారు. మహా పట్టుదల మనిషి, ఎవరినీ దగ్గరకు రానిచ్చేవారు కాదు. వెళ్లినప్పుడల్లా తిట్టి పంపేశారు. జూ మాత్రం రోజూ వెళ్లి, గాలివాన వచ్చినా కదలకుండా, వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడ్డారు. అలా మూడు నెలలు! అప్పటికి ఆయనకు నలభై నాలుగేళ్లు. చదువుకున్నవాడిగా పేరున్న మనిషి. చివరికి లువో లోపలికి పిలిచి, ఇంతవరకూ నేర్చుకున్నదంతా వదిలెయ్యమన్నారు.

ఆ ఇంట్లో పాఠం ఎలా సాగేదంటే, రోగులు వస్తే జూ వెళ్లి నాడి చూసి రావాలి. గురువు మంచం మీద పడుకునే అంతా విని, ఏ మందు ఇవ్వాలో చెప్పేవారు. ఏడాదిన్నర చూసినా, అందరికీ పనికొచ్చే ఖాయమైన యోగమంటూ గురువు దగ్గర ఏదీ కనపడలేదని జూ తర్వాత రాసుకున్నారు.

ఆయన రాసిన వాటిలో ఒక సన్యాసి సంగతి ఉంది. పాతికేళ్లవాడు, పచ్చగా పాలిపోయి చిక్కిపోయాడు. సొంత ఊరు ఎక్కడో పడమటి దిక్కున సిచువాన్‌లో. తల్లిని వదిలి వచ్చి ఏడేళ్లయింది. ఒక రోజు అమ్మ మీద బెంగ పట్టుకుంది. వెళ్దామంటే దారి ఖర్చుకు డబ్బులేదు. పొద్దున్నా సాయంత్రం పడమటికేసి చూస్తూ ఏడ్చేవాడు. ఆ ఏడుపులోనే జబ్బు పడ్డాడు.

లువో అతనికి వెంటనే మందు ఇవ్వలేదు. పక్క గదిలో ఉంచుకుని, పదిహేను రోజులకు పైగా ఎద్దు మాంసం, పంది పొట్ట మెత్తగా ఉడికించి పెట్టించారు. సన్యాసికి మాంసమా అని మనకు అనిపించొచ్చు. ఆయనకు మాత్రం ముందు ఆ ప్రాణం నిలబడాలి. మధ్యమధ్య కూర్చుని ధైర్యం చెప్పారు. ఊరెళ్లడానికి డబ్బు తనే ఇస్తానని మాటిచ్చారు. మనిషి కాస్త తేరుకున్నాక, అప్పుడు పీచ్ గింజలు వేసిన గట్టి విరేచన మందు ఇచ్చారు. లోపల పేరుకున్నదంతా పోయాక మళ్లీ ఉడికిన కూరలు, పల్చని జావ. కొన్నాళ్లకు సన్యాసి కోలుకున్నాడు, డబ్బు తీసుకుని తల్లి దగ్గరకు బయల్దేరాడు.

శరీరంలో సత్తువ ఉంటేనే తీవ్రమైన మందు వెయ్యాలని జూకి అప్పుడు అర్థమైంది. ఆ విరేచన మందు పేరు పుస్తకంలో ఎప్పటినుంచో ఉన్నదే. ఎప్పుడు ఇవ్వకూడదో, ఎన్ని రోజులు ఆగాలో, రోగి దేనికి ఏడుస్తున్నాడో మాత్రం పక్కన ఉండి చూడాల్సిందే. గురువు దగ్గర నేర్చుకోవడంలో నేను అన్నిటికంటే ఎక్కువ విలువిచ్చేది దీనికే.

ఈ పద్ధతి చైనాలో ఇంకా ఉంది. 1956లో బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్దూల్లో సంప్రదాయ వైద్య కళాశాలలు పెట్టారు. చదువు తరగతి గదిలోకి వెళ్లింది. పెద్ద వైద్యుల అనుభవం వాళ్లతోనే పోతుందన్న బెంగ కూడా మొదలైంది. అందుకే 1990లో ప్రభుత్వమే ఐదువందల మంది పేరున్న వృద్ధ వైద్యులను ఎంపిక చేసి, వాళ్లకు శిష్యులను అప్పగించింది. శిష్యుడు బల్ల పక్కన కూర్చుని, గురువు చెప్పిన మందుల చీటీ రాస్తాడు. పోయినవారం రాసిన చీటీలో ఈ వారం ఒక మూలిక తగ్గితే, ఎందుకు తగ్గిందో రోగి వెళ్లాక అడుగుతాడు.

ఇందులో ప్రమాదమూ ఉంది. మన ఆయుర్వేదంలో వత్సనాభి అంటారే, దాని జాతి దుంపను చైనా వైద్యులూ వాడతారు. శుద్ధి చేసి, మిగతా మూలికల కంటే ముందే పొయ్యి మీద పెట్టి చాలాసేపు మరిగించాలి. తేడా వస్తే గుండె లయ తప్పి ప్రాణం పోతుంది. గురువు చెప్పాడు కాబట్టి సరే అనుకోవడం ఇక్కడ అస్సలు కుదరదు. అందుకే బయటివాళ్లు పెట్టే పరీక్ష తప్పనిసరిగా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. 2017లో చైనాలో అమల్లోకి వచ్చిన చట్టం, డిగ్రీ లేకుండా గురువు దగ్గర నేర్చుకున్నవారికీ వైద్యులయ్యే దారి తెరిచింది. అయితే ఐదేళ్లు గురువు దగ్గర నేర్చుకుని ఉండాలి, ఇద్దరు వైద్యులు సిఫారసు చెయ్యాలి, నిపుణుల ముందు పరీక్షకు కూర్చోవాలి. లోపలికి పుచ్చుకునే మందులు ఇచ్చేవారిని మూలికల్లోని విషగుణాల గురించి కూడా అడుగుతారు. ఆ నియమాల్లోనే ఇంకో మాట ఉంది: ఒక గురువు ఒకేసారి నలుగురికి మించి శిష్యులను తీసుకోకూడదు.