డీమార్ట్ ధర ఎక్కడ తగ్గుతుంది?

అందరికీ నమస్కారం.

మా నాన్నగారిది పచారీ కొట్టు. హోల్‌సేల్ బజారుకు వెళ్తే ఆయన ప్రతి సరుకుకీ రెండు ధరలు అడిగేవారు. అరువుకైతే ఎంత, రొక్కానికైతే ఎంత? కందిపప్పు బస్తా మీద ఆ తేడా చిన్నదే. కానీ చేతిలో రొక్కం ఉన్న నెల మాకు నాలుగు డబ్బులు మిగిలేవి. డీమార్ట్ గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఆ రెండు ధరలే గుర్తొస్తాయి.

రాధాకిషన్ దమానీ స్టాక్ మార్కెట్ నుంచి ఈ వ్యాపారంలోకి వచ్చారు. 2002లో ముంబయిలోని పొవాయ్‌లో మొదటి డీమార్ట్ తెరిచారు. 2017 మార్చిలో కంపెనీ షేర్లు లిస్టయ్యేనాటికి ఉన్నవి దాదాపు 130 దుకాణాలే. పదిహేనేళ్ళకు అంతే! ఆ పదిహేనేళ్ళ మధ్యలోనే, చెన్నైలో పుట్టిన సుభిక్ష అనే కిరాణా దుకాణాల సంస్థ దేశమంతా పరుగెత్తి 1,600 దాకా కొట్లు తెరిచింది. అవి అద్దె కొట్లు, నడిపింది అప్పు డబ్బు. చేతిలో డబ్బు ఆడకపోయేసరికి జీతాలు, అద్దెలు, సరుకు బాకీలు ఒక్కసారే మీద పడ్డాయి. 2009లో షట్టర్లు దిగిపోయాయి.

దమానీ వీలైనంతవరకు స్థలం కొనేస్తారు, లేదంటే ఏళ్ళ తరబడి లీజుకు తీసుకుంటారు. మొదట పెట్టుబడి భారీగా పడుతుంది, అందుకే విస్తరణ నెమ్మది. కానీ ఓనరు అద్దె పెంచుతాడన్న టెన్షన్ ఉండదు. ఒక ప్రాంతంలో కాలు పెడితే ఆ చుట్టుపక్కలే మరిన్ని తెరుస్తారు. మహారాష్ట్ర, గుజరాత్‌లలో పాతుకున్నాకే మన తెలుగు రాష్ట్రాల్లో ఇంతగా పెరిగారు. దుకాణాలు దగ్గరదగ్గరగా ఉంటే గోదాము ఖర్చు, లారీ కిరాయి రెండూ కలిసొస్తాయి. 2025 మార్చికి లెక్క 415కు చేరింది.

ఇక అసలు కిటుకు. సరుకు ఇచ్చినవాళ్ళకు డీమార్ట్ నెలల తరబడి తిప్పకుండా త్వరగా డబ్బు కట్టేస్తుంది. అందుకే సప్లయర్ ధర తగ్గించి ఇస్తాడు. నాన్నగారి రొక్కం ధర ఇదే, కాకపోతే వందల దుకాణాల లెక్కన.

ప్రచారానికి పెట్టే ఖర్చు చాలా తక్కువ. అరల మీది చీటీయే వాళ్ళ ప్రకటన: ఎంఆర్‌పీ ఇంత, మా ధర ఇంత. మొన్న బిల్లింగ్ దగ్గర నా ముందున్న ఆవిడ బిల్లు కింద ‘ఆదా’ అన్న అంకె మీద వేలు పెట్టి భర్తకు చూపించింది. ఆయన చేతిలో కందిపప్పుతో పాటు ఒక బకెట్, రెండు నైటీలు ఉన్నాయి. అమ్మకాల్లో సగానికి పైగా తిండి సరుకులే అయినా వాటి మీద మిగిలేది కొంచెమే. బకెట్లు, బట్టలే ఆ లోటు పూడుస్తాయి. ‘పప్పు పిలుస్తుంది, బకెట్ సంపాదిస్తుంది’ అని నేను మా పిల్లలకు చెబుతుంటాను.

ఈ ధరతో మా నాన్నగారి లాంటి కొట్టు పోటీపడలేదు. ఆ సంగతి చెప్పడం నాకు కష్టంగానే ఉంది. అయితే నెలాఖరున జీతం రాని ఇంటికి రెండు కిలోల బియ్యం ఇచ్చి ఖాతాలో రాసుకునే పని ఆ కొట్టే చేస్తుంది, డీమార్ట్ చేయదు. మా వీధి చివరి కొట్టులో ఆ ఖాతా పుస్తకం ఇప్పటికీ గల్లాపెట్టె మీదే ఉంటుంది.